మేడే రిలే: పక్క బోటు తరఫున సాయం అడిగేటప్పుడు అపోహలు - వాస్తవాలు

కార్గో షిప్పుల్లో డెక్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మన ఓడకే ప్రమాదం వస్తే ఏం చేయాలో డ్రిల్లుల మీద డ్రిల్లులు చేస్తాం. ఇంకొకరి మేడేను (ప్రాణాపాయంలో ఉన్నాం, సాయం కావాలని రేడియోలో వేసే కేకను) ముందుకు అందించడం, అంటే మేడే రిలే, మాత్రం సర్టిఫికెట్ పరీక్షకు చదివి, పాసై, వదిలేస్తాం. అందుకేనేమో, దీని చుట్టూ అపోహలు ఎక్కువ.

అపోహ: "మనకే వినిపించిందంటే కోస్ట్ గార్డ్‌కి ఈపాటికి వినిపించే ఉంటుంది."

అన్నిట్లోకీ ప్రాణాంతకమైన అపోహ ఇది. వీహెచ్ఎఫ్ (ఓడలు, బోట్లు మాట్లాడుకునే రేడియో) ఎంత దూరం వెళ్తుందనేది ముఖ్యంగా యాంటెన్నా ఎత్తును బట్టి ఉంటుంది. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి, 2.2తో గుణిస్తే సుమారు దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. మరబోటు యాంటెన్నా 4 మీటర్లు, ఒడ్డున టవర్ 100 మీటర్లు అనుకోండి. 26 మైళ్లు దాటితే బోటు గొంతు ఒడ్డుకు చేరదు. బోటుకీ బోటుకీ మధ్యయితే 9 మైళ్లే. అదే మన ఓడ యాంటెన్నా 36 మీటర్ల ఎత్తులో ఉంటే, 17 మైళ్ల అవతల ఉన్న ఆ బోటు మనకు వినిపిస్తుంది, 35 మైళ్ల దూరంలోని టవర్‌కి మనం వినిపిస్తాం. ఇది కాగితం మీది లెక్క. బ్యాటరీ నీరసించిన 5 వాట్ల చేతిసెట్టు అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు.

అందుకే అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో ఐదు నిమిషాల గడువు పెట్టారు. ఆ లోపు తీర స్టేషన్ గానీ, మరో ఓడ గానీ బదులివ్వకపోతే రిలే చేయాల్సిందే. ఆ ఐదు నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడమని కాదు. విన్నది రాసుకోవాలి, చార్టులో గుర్తు పెట్టాలి, కెప్టెన్‌ను బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీదికి పిలవాలి.

అపోహ: "ఎర్ర బటన్ నొక్కేస్తే చాలు."

రేడియో సెట్టు మీది ఆ బటన్ మన ఓడకే ప్రమాదం వస్తే నొక్కడానికి. నొక్కితే వెళ్లేది మన గుర్తింపు నంబరు, మన పొజిషన్. వెతికేవాళ్లు మునుగుతున్న బోటును వదిలి మన దగ్గరికి వస్తారు. రిలే అంటే ప్రమాద పిలుపులకు వాడే చానల్ 16లో "మేడే రిలే" అని మూడుసార్లు, మన ఓడ పేరు మూడుసార్లు, కాల్‌సైన్ (ఓడకిచ్చిన రేడియో గుర్తు), ఆ తర్వాత ఫలానా బోటు నుంచి ఫలానా టైముకి ఇది విన్నాం అంటూ విన్నది విన్నట్టు చెప్పడం. ప్రమాదంలో ఉన్నది మనం కాదని వినేవాడికి స్పష్టంగా తెలియాలి.

డీఎస్‌సీలో (ఆ ఎర్ర బటన్ నొక్కితే కబురు వెళ్లే డిజిటల్ పద్ధతిలో) అలర్ట్ వచ్చినప్పుడు అక్‌నాలెడ్జ్ (అందింది అని) నొక్కే తొందర కూడా వద్దు. దాంతో అవతలి సెట్టు అలర్ట్‌ను మళ్లీ మళ్లీ పంపడం ఆపేస్తుంది. ఒడ్డుకు అప్పటికి అది చేరకపోయి ఉంటే, దాని నోరు మనమే నొక్కినట్టు. చానల్ 16లో నోటితో బదులిచ్చి, ఒడ్డుకు చెప్పండి.

అపోహ: "పొజిషన్ సుమారుగా ఉన్నా పర్లేదు."

కాకినాడ దిగువన ఒక బోటు సరంగు "పదహారు, నలభై రెండు, అయిదు" అన్నాడనుకుందాం. అంటే అక్షాంశం 16 డిగ్రీల 42.5 నిమిషాలు. మీరు హడావుడిలో 16.425 డిగ్రీలని రాసుకున్నారు. అది 16 డిగ్రీల 25.5 నిమిషాలు అవుతుంది. అక్షాంశంలో ఒక్కో నిమిషం ఒక్కో నాటికల్ మైలు కాబట్టి, తేడా 17 నాటికల్ మైళ్లు! అంకెలు ఒక్కొక్కటిగా వెనక్కి చదివి వినిపించి, అవునంటేనే పంపండి. ఆ పొజిషన్ ఎన్ని గంటలదో కూడా చెప్పాలి, ఎందుకంటే బోటు గాలికీ నీటివాటుకీ కొట్టుకుపోతూనే ఉంటుంది. మన పొజిషన్ చెప్పాల్సొస్తే "ఇది మాది" అని విడిగా చెప్పండి.

సరంగు మాట్లాడేది తెలుగే అయ్యుండొచ్చు. బ్రిడ్జి మీద తెలుగు తెలిసింది మీరొక్కరే కావచ్చు. "ఇంజన్ రూములోకి నీళ్లొస్తున్నాయి" అంటే నీళ్లు వస్తున్నాయనే రిలే చేయండి, మునిగిపోతోందని కాదు. మీరు పెంచి చెప్పినా, తగ్గించి చెప్పినా ఒడ్డున పంపే సాయం మారిపోతుంది.

అపోహ: "వాళ్లు మేడే అనలేదు కదా."

రేడియోయే లేని తెప్ప మీదవాడు ఏమంటాడు? ఎర్ర ఫ్లేర్, నారింజ రంగు పొగ, రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందికీ ఊపడం... ఇవన్నీ ప్రమాద సంకేతాలే. తనంతట తాను కబురు పంపలేని స్థితిలో ఉన్నాడని తెలిసి, ఇంకా సాయం కావాలని కెప్టెన్‌కు అనిపిస్తే రిలే చేయొచ్చు, చేయాలి కూడా. అప్పుడు ఐదు నిమిషాల లెక్క లేదు.

అపోహ: "చెప్పేశాం, మన పని అయిపోయింది."

సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అధ్యాయం 33వ నిబంధన ప్రకారం, సాయం చేయగల స్థితిలో ఉన్న ఓడ పూర్తి వేగంతో అటు వెళ్లాలి. వెళ్లలేకపోతే ఎందుకో లాగ్‌బుక్కులో రాయాలి. ఒడ్డున రెస్క్యూ కోఆర్డినేషన్ సెంటర్ (మన తూర్పు తీరానికి చెన్నైలో ఉంది) ఇక చాలు అనేదాకా ఆ బోటుకూ వాళ్లకూ మధ్య మాటలు చేరవేసేది మీరే కావచ్చు.

అపోహ: "ఇదంతా ఓడల్లో ఉన్నవాళ్ల గొడవ."

తీరానికి దగ్గర్లో సిగ్నల్ దొరికితే బోటువాళ్లు ముందు ఫోన్ చేసేది ఇంటికే. ఆ ఫోన్ ఎత్తినవాళ్లు బంధువులందరికీ చెప్పుకుంటూ కూర్చోకుండా, వెంటనే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయాలి. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది ఉన్నారు, ఏ రేవు నుంచి ఎప్పుడు బయల్దేరారు, చివరిగా ఎక్కడున్నామన్నారు... ఇవి చెప్పండి. బోటుకు మళ్లీ మళ్లీ ఫోన్ చేసి వాళ్ల చార్జింగ్ అయిపోగొట్టకండి.