తమ్ముడికి కూడా కాస్త పెట్టమ్మా

"తమ్ముడికి కూడా కాస్త పెట్టమ్మా" అనే మాట వినకుండా పెరిగిన ఆడపిల్లలు మన ఇళ్లలో అరుదు. పెట్టగానే "బంగారు తల్లి" అన్న మెచ్చుకోలు వెంటనే దొరుకుతుంది. ఆ మెచ్చుకోలుకీ, పెద్దయ్యాక డబ్బు విషయంలో ఆమె తీసుకునే నిర్ణయాలకీ మెదడులో ఏమైనా సంబంధం ఉందా? 2017లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక పరిశోధన చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

అలెగ్జాండర్ సౌట్షెక్, ఫిలిప్ టోబ్లర్ బృందం చేసిన ప్రయోగం ఇది. మీ ముందు రెండు దారులుంటాయి. ఒకదానిలో డబ్బు మీకొక్కరికే వస్తుంది, ఎక్కువగా వస్తుంది. రెండోదానిలో మీకు కాస్త తగ్గుతుంది కానీ అవతలి మనిషికి కూడా అందుతుంది. నిర్ణయం తీసుకుంటున్నప్పుడు స్కానర్‌తో మెదడును చూశారు. స్కానర్ ఆలోచనల్ని చదవదు. బాగా పనిచేస్తున్న భాగానికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది, ఆ తేడాను మాత్రమే పట్టుకుంటుంది. మెదడు లోతుల్లో స్ట్రయేటం అనే భాగం ఉంది. ఏది దక్కితే ఎంత సంతోషమో లెక్క కట్టే పనిలో దానిది పెద్ద పాత్ర. పంచుకునే నిర్ణయం దగ్గర స్త్రీలలో అది చురుగ్గా పనిచేసింది. పురుషుల్లో సొంతానికి ఉంచుకునేటప్పుడు చురుగ్గా ఉంది.

అసలు కీలకం మందుతో చేసిన ప్రయోగంలో ఉంది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడు స్త్రీలు 51 శాతం సార్లు, పురుషులు 40 శాతం సార్లు పంచుకునే దారి ఎంచుకున్నారు. సంతోషం, మెచ్చుకోలు లెక్కల్లో మెదడు వాడుకునే రసాయనం డోపమిన్. దాని పనికి అడ్డుపడే అమిసల్‌ప్రైడ్ అనే మందు ఇచ్చాక స్త్రీలు 45 శాతానికి తగ్గారు, పురుషులు 44 శాతానికి పెరిగారు. ఒక్క మాత్రతో తేడా దాదాపు మాయమైంది!

ఇలాంటివి చదివి "ఆడవాళ్ల మెదడే త్యాగానికి తయారైంది" అనేవాళ్లుంటారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ మాట రేపు ఆస్తి పంపకం దగ్గర "నీకెందుకమ్మా, అన్నకి వదిలెయ్" అనడానికి పనికొస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిందని తాము చెప్పడం లేదని పరిశోధకులే స్పష్టం చేశారు. డోపమిన్ వ్యవస్థ నేర్చుకునే వ్యవస్థ. ఏ పనికి మెచ్చుకోలు దొరికిందో గుర్తుపెట్టుకుని, మళ్లీ ఆ పని వైపే మనల్ని లాగుతుంది. పంచినప్పుడల్లా ఆడపిల్లను మెచ్చుకుంటూ పెంచితే, పంచడంలోనే ఆమె మెదడుకు సంతోషం అలవాటవుతుంది.

పెంపకం బలం ఎంతో చూడాలంటే మేఘాలయ వెళ్లాలి. ఉరి గ్నీజీ, కెనెత్ లెనార్డ్, జాన్ లిస్ట్ 2009లో ప్రచురించిన పరిశోధనలో టాంజానియాలోని మాసాయి తెగవారితో, మేఘాలయలోని మన ఖాసీ తెగవారితో ఒకే ఆట ఆడించారు. టెన్నిస్ బంతిని బకెట్‌లోకి పది సార్లు విసరాలి. పడిన ప్రతి బంతికీ డబ్బు తీసుకోవచ్చు, లేదా ఎదుటివారితో పోటీపడి, గెలిస్తే మూడింతలు తీసుకోవచ్చు. పితృస్వామ్యం గట్టిగా ఉన్న మాసాయిల్లో పురుషులు 50 శాతం, స్త్రీలు 26 శాతం పోటీకి దిగారు. ఖాసీల్లో వంశం తల్లి పేరున నడుస్తుంది, ఆస్తి చిన్న కూతురికి వస్తుంది. అక్కడ పోటీ కోరుకున్న స్త్రీలు 54 శాతం, పురుషులు 39 శాతమే.

ఆ ఆటలో స్కానర్ లేదు. జ్యూరిక్‌లో ఆడించిన ఆటనే షిల్లాంగ్‌లో, ఇంటి తాళాలు చేతిలో ఉన్న చిన్న కూతుళ్లతో ఆడిస్తే స్ట్రయేటం ఏ నిర్ణయం దగ్గర చురుగ్గా పనిచేస్తుందో చూడాలని నాకెంతో ఆశగా ఉంది.