ఫోన్ ఇవ్వండి, పిన్ చెప్పొద్దు: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా తెనాలిలో సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుతున్నాను. స్క్రీన్ పగిలినవాళ్లు, ఛార్జింగ్ ఎక్కనివాళ్లు రోజూ వస్తూనే ఉంటారు. ఈమధ్య ఇంకో రకం వాళ్లు పెరిగారు. కౌంటర్ దగ్గర జనం పలచబడేదాకా ఆగి, "అన్నా, నా ఫోన్‌లోకి ఎవరో చూస్తున్నట్టుంది" అని మెల్లగా చెబుతారు. తీరా వెతికితే చాలాసార్లు బయటపడేది, "ఒక్కసారి ఇవ్వరా" అని ఫోన్ తీసుకున్న ఫ్రెండే.

అపోహ: రెండు నిమిషాల్లో ఏం చేస్తారు?

వాస్తవం: అర నిమిషం చాలు. ఆమధ్య డిగ్రీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. తన వాట్సాప్ మాటలు హాస్టల్ అంతా తెలిసిపోతున్నాయని చెబుతుంటే గొంతు వణుకుతోంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచాం. మన వాట్సాప్‌ను ఏయే వేరే పరికరాలకు జత చేశారో అందులో కనిపిస్తుంది. ఒక విండోస్ కంప్యూటర్ పేరు, దాని కింద ఆ రోజు పొద్దుటి టైమ్ ఉన్నాయి. తనకేమో కంప్యూటరే లేదు. ఎవరికైనా ఫోన్ ఇచ్చావా అంటే కాసేపు ఆలోచించి, అసైన్‌మెంట్ ఫొటో పంపుకుంటానని రూమ్మేట్ తీసుకుందని చెప్పింది. అలా జత చేసేటప్పుడు వాట్సాప్ ఫోన్ లాక్ అడుగుతుంది. ఆ పిన్ రూమ్మేట్‌కు ఎప్పటినుంచో తెలుసు.

ఒక అకౌంట్‌కు ఇలా నాలుగు పరికరాల దాకా జత చేయొచ్చు. జత పడ్డాక మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉన్నా కొత్త మెసేజ్‌లు అక్కడికి వెళ్తూనే ఉంటాయి. ఆ పేరు మీద నొక్కి లాగౌట్ చేయించాను, పిన్ మార్పించాను. ఫోన్ చేతికి తిరిగి రాగానే ఆ పేజీ ఒకసారి చూసుకోండి.

అపోహ: పిన్ తెలిస్తే స్క్రీన్ తెరుచుకుంటుంది, అంతే కదా.

వాస్తవం: ఆండ్రాయిడ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు చూడాలన్నా, కొత్త వేలిముద్ర ఎక్కించాలన్నా చివరికి అడిగేది ఆ పిన్నే. వాళ్ల వేలు ఒకసారి ఎక్కిందంటే, మీరు తర్వాత పిన్ మార్చినా ఆ వేలికి ఫోన్ తెరుచుకుంటుంది. అందుకే పిన్ మార్చిన రోజు ఫింగర్‌ప్రింట్ల లిస్టు కూడా చూడాలి. మీరు రెండు ఎక్కించుకుంటే అక్కడ రెండే ఉండాలి. "పిన్ ఎంతరా?" అని అడిగితే "ఇటివ్వు, నేను తీసిస్తా" అనండి.

అపోహ: యూపీఐ పిన్ ఎవరికీ తెలియదు, కాబట్టి డబ్బు భద్రం.

వాస్తవం: సగమే నిజం. చిన్న చెల్లింపుల కోసం యూపీఐ యాప్‌లో ఉండే 'యూపీఐ లైట్' ఆన్ చేసుకుని ఉంటే, అందులో 1,000 రూపాయల దాకా చెల్లింపులకు పిన్ అడగదు. ఇంకో సంగతి, పాత యూపీఐ పిన్ తెలియకుండా కొత్తది పెట్టడానికి డెబిట్ కార్డులోని చివరి ఆరు అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ, ఓటీపీ కావాలి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. కార్డు ఫొటో గ్యాలరీలో ఉంటే ఇంక మిగిలిందేముంది? ఆ ఫొటో ఈరోజే తీసేయండి.

అపోహ: ఫొటోలు డిలీట్ చేసే ఇచ్చాను.

వాస్తవం: ట్రాష్ ఖాళీ చేశారా? గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో డిలీట్ చేశాక కూడా 60 రోజులు అందులోనే ఉంటుంది.

అపోహ: నా దగ్గర దాచుకోవాల్సినవేం లేవు.

వాస్తవం: నాకు బాధ కలిగించే మాట ఇదే. మీ ఫోన్‌లో మీవి మాత్రమే ఉన్నాయా? చెల్లెలి ఫొటోలు, అమ్మ స్కానింగ్ రిపోర్టు, ఇంట్లో గొడవైన రాత్రి స్నేహితుడు పంపిన వాయిస్ మెసేజ్ కూడా ఉంటాయి. వాళ్లు మిమ్మల్ని నమ్మి పంపారు. మీరు ఫోన్ ఎవరి చేతికి ఇస్తారో వాళ్లకు తెలియదు.

అపోహ: జాగ్రత్తపడితే ఫ్రెండ్ నొచ్చుకుంటాడు.

వాస్తవం: అవతలివాళ్లకు చెప్పకుండానే చేయగల పనులున్నాయి. కాల్ కావాలంటే నంబర్ అడిగి మీరే కలిపివ్వండి. ఫొటో చూపించాలంటే అదొక్కటే వాళ్ల వాట్సాప్‌కు పంపండి. ఏదైనా యాప్ కాసేపు కావాలంటే, ఆండ్రాయిడ్‌లో 2014 నుంచీ స్క్రీన్ పిన్నింగ్ ఉంది, అంటే స్క్రీన్‌ను ఒకే యాప్‌కు కట్టేయడం. సెట్టింగ్స్‌లో 'పిన్నింగ్' అని వెతికి ఆన్ చేయండి, అన్‌పిన్ చేసేముందు లాక్ అడిగే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. తర్వాత రీసెంట్ యాప్స్‌లో ఆ యాప్ గుర్తు మీద నొక్కి పిన్ చేస్తే, లాక్ తెలియనివాళ్లు అందులోంచి బయటికి రాలేరు. ఐఫోన్‌లో ఇదే పనికి 'గైడెడ్ యాక్సెస్' ఉంది. గ్యాలరీని మాత్రం పిన్ చేసి లాభం లేదు, వేలితో జరిపితే పక్క ఫొటో వచ్చేస్తుంది.

అపోహ: రిపేర్ షాపులో పిన్ చెప్పక తప్పదు.

వాస్తవం: స్క్రీన్, బ్యాటరీ మార్చడానికి సాధారణంగా పిన్‌తో పని లేదు. చాలా శాంసంగ్ ఫోన్లలో 'మెయింటెనెన్స్ మోడ్' ఉంది, అది ఆన్ చేసి ఇస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు మాకు కనిపించవు. నేనైతే పని అయ్యాక ఫోన్ కస్టమర్ చేతికే ఇచ్చి, లాక్ తీయించి, టచ్, కెమెరా వాళ్లనే చూసుకోమంటాను. కవర్ మీద పిన్ రాసి ఇచ్చినవాళ్ల ఎదుటే ఆ అంకెలు కొట్టేసి, ఇంటికెళ్లి పిన్ మార్చుకోమని చెబుతున్నాను.