సిల్క్ బోర్డులో చిన్ని అడిగిన ప్రశ్న

చిన్నీ, బాబీ,

కర్నూలు చేరాక కూడా బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ గురించే మాట్లాడుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రోజు మన ఆటో 40 నిమిషాలు అంగుళం కదలకుండా నిలబడిపోతే, కారుకొక్క మనిషి కూర్చుని ఉండటం చూపించి "తాతయ్యా, రోడ్డు ఇంకా వెడల్పు చేస్తే సరిపోదా?" అని చిన్ని అడిగింది. ఆటో ఆయన చివరికి ఎంత అడుగుతాడో అన్న టెన్షన్‌లో "సరిపోదమ్మా" అని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

అమెరికా నగరాల లెక్కలు తీసి డురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో చూపించింది ఇదే: పెద్ద రోడ్లు ఎంత పెరిగితే వాటి మీద బళ్ల తిరుగుడూ దాదాపు అంతే పెరుగుతుంది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే బస్సులో వెళ్లేవాడు కూడా బండి తీస్తాడు మరి.

బండి తీసేవాడు తన పెట్రోలు, తన టైము చూసుకుంటాడు. తను మధ్యలో దూరినందుకు వెనక రెండొందల మందికి తలా పది సెకన్లు పోయాయనుకోండి, అది అతని లెక్కలోకి రాదు. ఆ బండి పొగకి బాబీకి వచ్చే దగ్గు కూడా రాదు. ఆ నష్టాన్ని పన్నుగా వేసి అతని చేతే కట్టించాలన్నది పిగూ అనే ఇంగ్లండు ఆయన ఆలోచన, వందేళ్ల నాటిది. రద్దీ వేళ నగరం నడిబొడ్డుకు కారులో వస్తే డబ్బు కట్టమని సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది, లండన్ 2003లో.

మన బెంగళూరులోనూ క్రైండ్లర్ అనే ఆర్థికవేత్త కొన్ని వందల మంది ఫోన్లలో యాప్ పెట్టించి, ముందే కొంత డబ్బు ఇచ్చి, రద్దీ వేళ బయల్దేరితే అందులోంచి కోత వేసి చూశాడు. కొందరు నిజంగానే టైము మార్చుకున్నారు. కానీ ఊరంతటికీ లెక్క కడితే లాభం పెద్దగా తేలలేదు, ఎందుకంటే ఇక్కడ రద్దీ గంటలో ఒక బండి తగ్గితే కలిసొచ్చే టైము, అదే బండి పక్క గంటలో చేరితే పోయే టైముకన్నా మరీ ఎక్కువేం కాదు. లాభం పెద్దగా తేలకపోయినా ఉన్నదున్నట్టు రాయడం, అదే నాకు నచ్చింది.

ఈ ఆర్థికవేత్తలు జనం చెప్పే మాటలకన్నా జనం చేసే పనినే ఎక్కువ నమ్ముతారు. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 రూపాయలైంది, ఎక్కేవాళ్లు తగ్గారు. మరి వాళ్లు బస్సెక్కారా, బైకు తీశారా? పొగ సంగతి తేలేది అక్కడే.

మీ అమ్మమ్మనే చూడండి. 2023 జూన్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక పూల కోసం కేఆర్ మార్కెట్‌కు వెళ్లడం మొదలుపెట్టింది, అంతకుముందు వీధి చివరి బండి దగ్గరే కొనేది. అంటే ఆటోనో కారో మాని బస్సెక్కలేదు, అసలు లేని ప్రయాణమే కొత్తగా పుట్టింది. ఆ మాట అంటే, "నా పూల మీద కూడా లెక్కలేనా, ఆ రోజు ఆటోకి ఎంత తగలేశారో అది చెప్పండి ముందు" అంటోంది.

మీ తాతయ్య