ఇంటి వేడి, కరెంటు బిల్లు: హన్మకొండలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

ప్లాన్ గీయించుకోవడానికి మా ఆఫీసుకు వచ్చేవాళ్లు మొదట వాస్తు, తర్వాత ఎలివేషన్ అడుగుతారు. మేలో పై అంతస్తు ఎలా ఉంటుందో అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: కరెంటు ఆదా రూల్స్ హైదరాబాద్ ఐటీ టవర్లకే.

వాస్తవం: కాదు. 2001 నాటి కేంద్ర ఇంధన పొదుపు చట్టం కింద భవనాలకు ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) అనే కోడ్ ఉంది. స్థానిక వాతావరణానికి తగ్గట్టు దాన్ని మార్చుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. కనెక్టెడ్ లోడ్, అంటే అన్ని పరికరాల మొత్తం కరెంటు సామర్థ్యం, 100 కిలోవాట్లు, ఆపైన ఉంటే వాణిజ్య భవనం ఈ కోడ్ లెక్కలోకి వస్తుంది. సెంట్రల్ ఏసీ ఫంక్షన్ హాలుకో, స్కానింగ్ మెషీన్లున్న ఆసుపత్రికో అదేమంత పెద్ద లోడు కాదు. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ ఇళ్ల దాకా వచ్చింది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇంటికి కూల్ రూఫ్, అంటే ఎండను వెనక్కి కొట్టే చల్లని పైకప్పు, తప్పనిసరి. అంతకన్నా చిన్న స్థలమైతే మన ఇష్టం.

అపోహ: ముందంతా అద్దాలుంటేనే మోడర్న్.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. పడమటి ముఖానికి నిలువునా అద్దాలు పెడతారు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ తట్టుకోలేక కర్టెన్లు దించుతారు, చీకటైందని పట్టపగలే లైట్లు వేస్తారు, ఏసీ ఎలాగూ ఆగదు. ఈసీబీసీలో రాసిన పరిమితులనే నేరుగా పాటిస్తే గోడల విస్తీర్ణంలో అద్దాల వాటా 40 శాతం మించకూడదు. ఆ అద్దం లోపలికి ఎంత వేడిని వదలవచ్చో కూడా కోడే చెబుతుంది. సజ్జ వేస్తే ఎలివేషన్ పాడవుతుందంటారు గానీ, దక్షిణాన సజ్జ చేసే మేలు అద్దానికి అంటించే ఖరీదైన ఫిల్మ్ కూడా చేయదు. పడమట సాయంత్రం ఎండ కిందికి వాలి సూటిగా పడుతుంది. అక్కడ సజ్జ ఒక్కటే చాలదు, అసలు కిటికీలే తగ్గించాలి.

అపోహ: డాబా మీద ఏ తెల్ల రంగు వేసినా కూల్ రూఫే.

వాస్తవం: సగం నిజం. సున్నం కూడా ఎండను వెనక్కి కొడుతుంది, కానీ వానలకు కరిగిపోతుంది. గోడల రంగు స్లాబు మీద పొరలుగా లేస్తుంది. పైకప్పు కోసమే చేసిన కోటింగ్, లేదా తెల్ల టైల్స్ ముక్కలు నిలుస్తాయి. దుమ్ము పట్టిన తెలుపు పనిచేయదు కాబట్టి ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి. లాభం ఎక్కువగా పై అంతస్తుకే.

అపోహ: బూడిద ఇటుక ఇంటిని చల్లగా ఉంచుతుంది.

వాస్తవం: రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల బూడిద వాడితే చెరువు మట్టి మిగులుతుంది, అది మంచిదే. వేడి విషయంలో మాత్రం ఎర్ర ఇటుకకూ దానికీ పెద్ద తేడా లేదు. వేడిని ఆపేది గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు దిమ్మ, అంటే ఏఏసీ బ్లాకు.