లెక్కకు అందని ఊళ్లు: డాక్టర్ వి. శాంత పరిశోధన పత్రాల నేపథ్యం

నెల్లూరు జిల్లాలో ఎవరింట్లోనైనా పెద్దాయనను అడయారుకు తీసుకుపోయారంటే, ఏం జబ్బని మళ్లీ ఎవరూ అడగరు. రాచపుండు అన్న పాత మాటను గానీ క్యాన్సర్ అన్న కొత్త మాటను గానీ నోట పలకడానికి ఇష్టపడని ఇళ్లలో, మద్రాసులోని ఒక పేట పేరే ఆ జబ్బుకు మారుపేరుగా స్థిరపడిపోయింది. పొద్దున్నే ఒంగోలులోనో నెల్లూరులోనో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, స్కానింగ్ కవర్లు ఒడిలో పెట్టుకుని మాటా పలుకూ లేకుండా కూర్చున్నవారు కనబడుతూనే ఉంటారు. నెల్లూరు, ప్రకాశం, ఈ మన రెండు జిల్లాల్లో క్యాన్సర్ ఎందరికి వస్తోంది, నిజంగా పెరుగుతోందా అన్న ప్రశ్న వైద్య శిబిరాల్లోనూ పంచాయతీ సమావేశాల్లోనూ తరచుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నకు సూటి జవాబు ఎందుకు లేదో తెలియాలంటే, వీరంతా వెళ్లే ఆ అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు దశాబ్దాలకు పైగా పనిచేసిన డాక్టర్ వి. శాంత పరిశోధన పత్రాలను మొదటి నుంచి చదువుకుంటూ రావాలి.

ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది 1953 అక్టోబర్ 1న. అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది 1954 జూన్‌లో. అంటే ఆ ఆసుపత్రి పుట్టేనాటికే నెల్లూరు వేరే రాష్ట్రంలో ఉంది. అయినా చదువుకూ వైద్యానికీ వ్యాపారానికీ మద్రాసు వైపే నడిచిన కాళ్లు దారి మార్చుకోలేదు. ఆ సంస్థను నిలబెట్టినవారు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. 1923లో సొంత చెల్లెలు క్యాన్సర్‌తో మరణించడం కళ్లారా చూసిన ఆమె, మూడు దశాబ్దాల పట్టుదలతో, ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ తరఫున, 12 పడకలతో ఆసుపత్రిని ప్రారంభించారు. వైద్య బాధ్యతను ఆమె కుమారుడు డాక్టర్ ఎస్. కృష్ణమూర్తి తీసుకున్నారు. మైలాపూరులో 1927లో పుట్టి, ప్రసూతి, స్త్రీల వ్యాధుల విభాగంలో ఎండీ పూర్తిచేసిన శాంత 1955లో అక్కడ చేరారు. సర్కారు ఆసుపత్రిలో ఉద్యోగం చేతికి అందివచ్చినా కాదనుకుని, జీతం మీద భరోసా లేని చోటుకు ఆమె వెళ్లడం అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు.

ఒక వైద్యుడి పరిశోధన జీవితాన్ని అంచనా వేయడానికి పత్రాల సంఖ్యను లెక్కపెట్టడం ఈ రోజుల్లో అలవాటైపోయింది. వైద్య కళాశాలల్లో పదోన్నతులకు ప్రచురణలను తప్పనిసరి చేసిన తరువాత, రచయితల వరుసలో పేరు మొదట ఉందా రెండవదిగా ఉందా అన్నదానికే విలువ పెరిగింది. శాంత పత్రాలను ఆ కొలబద్దతో చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. ఆమె జాబితాలో కనబడేది సంఖ్య కన్నా వరుస. ఒక పత్రం మిగిల్చిన ప్రశ్నను తరువాతి పత్రం అందుకుంటుంది.

ఆ వరుస నోటి క్యాన్సర్‌తో మొదలైంది. శాంత, కృష్ణమూర్తి కలిసి 1959లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో నోటి క్యాన్సర్ కారణాలపై ఒక అధ్యయనం ప్రచురించారు. రోగం ఉన్నవారి అలవాట్లను, లేనివారి అలవాట్లను పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం అది. చెప్పుకోవడానికి సులభమే గానీ, చేయడం అంత తేలిక కాదు. తాంబూలంలో ఆకు ఉంటుంది, వక్క ఉంటుంది, సున్నం ఉంటుంది, కొందరికి పొగాకు కాడ కూడా ఉంటుంది. అన్నీ ఒకే దవడ కింద గంటల తరబడి ఉండేవే. పుండుకు మూలం ఏదని తేల్చాలంటే, ఎవరు ఏది నమిలారు, ఎన్నేళ్లు నమిలారు, ఏ వైపు దవడన పెట్టుకున్నారు, రాత్రి నిద్రలో కూడా అలాగే ఉంచుకున్నారా అని ఓపికగా అడిగి రాసుకోవలసిందే. 1963లో అదే పత్రికలో వచ్చిన రెండవ పత్రం, నోటిని దాటి గొంతు, అన్నవాహిక వరకు ఆ పరిశీలనను విస్తరించింది. ల్యోన్ నగరంలోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిసిన తాంబూలం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 1985లో ప్రకటించినప్పుడు, పరిశీలించిన ఆధారాల్లో మద్రాసు నుంచి వచ్చిన ఈ రెండు పత్రాలూ ఉన్నాయి. పొగాకు లేని తాంబూలాన్ని కూడా అదే కోవలో చేర్చడానికి 2004 దాకా పట్టింది. తాతయ్యల కాలం నుంచి భోజనానంతర మర్యాదగా వస్తున్న ఒక అలవాటు గురించి శాస్త్రం అంత నిదానంగా మాట్లాడిందంటే, అది తప్పు పట్టవలసిన నిదానం కాదని నా అభిప్రాయం.

ఇది చదువుతున్నప్పుడు ఉమ్మడి ప్రకాశం జిల్లా రైతు గుర్తుకు రాకుండా ఉండడు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు ప్రాంతాలలో పొగాకు వేలం కేంద్రం తెరిచే రోజుల్లో ఊరంతా బేళ్ల మధ్యే బతుకుతుంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో పచ్చి ఆకు పసుపు రంగుకు తిరిగే ఆ కొద్ది రోజుల మీద పిల్లల ఫీజులు, ఆడపిల్ల పెళ్లి, బ్యాంకు అప్పు ఆధారపడి ఉంటాయి. ఆ పంట వేసినందుకు రైతును దోషిగా నిలబెట్టడం అన్యాయం. కానీ పొగాకు మీద ఇంతగా ఆధారపడిన ప్రాంతంలో, పొగాకు మనిషి నోటికి ఏం చేసిందో ఎవరూ ఊరూరా తిరిగి లెక్క రాయలేదు. రాష్ట్రంలో అటువంటి పని జరిగింది శ్రీకాకుళం జిల్లాలో. చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో వచ్చే మార్పులను 10,169 మంది గ్రామస్తులలో పరిశీలించి, డెన్మార్క్ ఆచార్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ప్రపంచమంతటా ఉటంకింపులకు నోచుకుంటూనే ఉంది.

అడయారుకు వచ్చేవారిలో చాలామంది జబ్బు బాగా ముదిరాకే వచ్చేవారు. కత్తికి లొంగని గడ్డలు అవి. కెనడాలో తయారైన, రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ యంత్రం 1950ల చివరలోనే ఆ ఆసుపత్రికి చేరింది. మన ఊళ్లలో ఈ రోజుకూ 'కరెంటు పెట్టించడం' అనే చికిత్స అదే. ఒక్క రేడియేషన్‌తో ఫలితం చాలనప్పుడు దానికి మందును జోడించడం ఎలాగన్నది శాంత, కృష్ణమూర్తిల తరువాతి ప్రశ్న అయింది. బ్లియోమైసిన్ అనే మందును రేడియేషన్‌తో కలిపి నోటి క్యాన్సర్‌కు ఇచ్చిన ప్రయోగ ఫలితాలను వారు 1977లోనూ 1980లోనూ క్లినికల్ రేడియాలజీ పత్రికలో ప్రచురించారు. మందు, రేడియేషన్ కలిపి ఇవ్వడం నేడు మామూలు విషయం. అప్పటికి కాదు.

పిల్లల రక్త క్యాన్సర్ విషయం ఇంకా ఎక్కువ చెప్పుకోదగింది. 1970లలో మన దేశంలో ఆ జబ్బు వచ్చిన పిల్లలలో, పెద్ద క్యాన్సర్ కేంద్రాలలో చేరినవారు కూడా, బతికి బట్టకట్టడం అరుదు. 1984 నుంచి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన డాక్టర్ ఇయాన్ మాగ్రాత్ సహకారంతో బొంబాయి టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, అడయారు సంస్థ మూడూ ఎంసీపీ-841 అనే ఒకే చికిత్సా పద్ధతిని అనుసరించాయి. ఇరవై ఏళ్ల అనుభవాన్ని క్రోడీకరించిన పత్రం 2005లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. మొదటి పేరు మాగ్రాత్‌ది, రెండవది శాంతది. జబ్బు తిరగబెట్టకుండా నాలుగేళ్లు గడిపినవారు 20 శాతం లోపు నుంచి 45-60 శాతానికి పెరిగారని అందులో ఉంది. మందుల దుష్ఫలితాలతో, అంటువ్యాధులతో పోయిన పిల్లల సంఖ్యను దాచకుండా రాయడం ఆ పత్రానికి గౌరవం తెచ్చింది. ఆ చికిత్సలో వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన కృషి నుంచి వచ్చిన మందు అది. దాని తోబుట్టువు అమినోప్టెరిన్‌తో పిల్లల్లో రక్త క్యాన్సర్ తాత్కాలికంగానైనా తగ్గుతుందని చాటిన 1948 నాటి అమెరికా వైద్యుడు ఫార్బర్ పత్రం రచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. పేర్ల వరుస చూసి మనిషి పనిని తూచేవారికి ఈ ఒక్కటి చెప్పాలనిపిస్తుంది.

ఇక రిజిస్ట్రీ సంగతి, అంటే ఒక ప్రాంతంలో ఎవరెవరికి క్యాన్సర్ వచ్చిందో రాసుకునే నమోదు సంగతి. భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమాన్ని 1980ల మొదట్లో చేపట్టి, బొంబాయి, బెంగళూరుతో పాటు మద్రాసును ఎంచుకున్నప్పుడు, మద్రాసు భారం అడయారు సంస్థకు దక్కింది. మన దేశంలో క్యాన్సర్ వచ్చిందని ఎవరూ తమంతట తాము నమోదు చేయించరు. అందుకే రిజిస్ట్రీ ఉద్యోగులు నగరంలోని ఆసుపత్రులకు, పరీక్షా కేంద్రాలకు స్వయంగా వెళ్లి, రోగులతో మాట్లాడి, కార్పొరేషన్ మరణాల రిజిస్టర్లు తిరగేసి వివరాలు రాసుకున్నారు. చికిత్స తరువాత రోగి కబురు అందకపోతే ఉత్తరం రాశారు, జవాబు రాకపోతే ఇంటికి వెళ్లారు. గజలక్ష్మి, స్వామినాథన్ వంటి సహచరులతో కలిసి శాంత ప్రచురించిన మద్రాసు జీవనకాల లెక్కలు, అంటే జబ్బు బయటపడ్డాక రోగులు ఎన్నేళ్లు బతికారన్న లెక్కలు, ల్యోన్‌లోని ఆ అంతర్జాతీయ సంస్థ 1998లో వెలువరించిన సంపుటంలో చోటు చేసుకున్నాయి. స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొదటి స్థానం నుంచి దిగడం, రొమ్ము క్యాన్సర్ ఆ స్థానానికి ఎక్కడం ఈ నమోదు వల్లే సంవత్సరాల వారీగా కనబడింది. 2005లో మెగసెసే, 2016లో పద్మవిభూషణ్ అందుకున్న శాంత 2021 జనవరి 19న 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పత్రికలు ఆమె సేవను ఘనంగా తలచుకున్నాయి గానీ, ఈ నమోదు పనికి దక్కిన స్థలం తక్కువ.

మన జిల్లాల ప్రశ్న ఇక్కడే ముడిపడుతుంది. జనాభా ఆధారిత రిజిస్ట్రీకి ఒక కచ్చితమైన నియమం ఉంది. ఆ ప్రాంతంలో కనీసం ఏడాదిగా నివాసం ఉంటున్నవారినే లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే జనాభాతో భాగించి రేటు కట్టడం సాధ్యపడదు. ఆ నియమం సరైనదే. కానీ దాని ఫలితంగా ఉదయగిరి నుంచో చీమకుర్తి నుంచో వచ్చి అడయారులో చికిత్స పొందిన మనిషి మద్రాసు జనాభా లెక్కలో ఉండడు. ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉంటాడు, సొంత జిల్లాలో లెక్క రాసేవారు లేక అక్కడా ఉండడు. తమిళనాడు 2012లో మొత్తం రాష్ట్రానికి రిజిస్ట్రీని విస్తరించింది. 2020లో వెలువడిన జాతీయ నివేదికకు 28 జనాభా రిజిస్ట్రీలు లెక్కలు ఇచ్చాయి. వాటిలో హైదరాబాద్ ఉంది, ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. తడ దాటి తమిళనాడులోని ఆరంబాకం చేరితే, అక్కడి ఇంట్లో వచ్చిన జబ్బు అంకెగా మారుతుంది. ఇవతల పక్క ఇంట్లో వచ్చింది ఆ ఇంటివారికి మాత్రమే గుర్తుంటుంది.

పినాకినీలో వెళ్లినవారు అడయారు కౌంటర్ దగ్గర నింపే కాగితంలో ఊరు, మండలం, జిల్లా అని మూడు గడులు ఉంటే, వాటిలో రాసినవన్నీ నిజమైన వివరాలే. ఏడాదికోసారి ఆ చిరునామాలను జిల్లా వారీగా విడదీసి, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నిర్ధారణ అయిన కేసులతోనూ, పంచాయతీ, మున్సిపల్ మరణ నమోదులతోనూ సరిపోల్చి, ఒకే మనిషి రెండుసార్లు రాకుండా చూసుకుంటే, మన రెండు జిల్లాలకు మొదటి లెక్క తయారవుతుంది. మద్రాసులో 1982లో మొదలుపెట్టిన పని కూడా కాగితాలు పట్టుకుని ఆసుపత్రి ఆసుపత్రికీ తిరగడమే.