స్టోయిక్కులు, తావో గురువులు: క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

రీల్స్ పుణ్యమా అని ఈమధ్య మా ఫిలాసఫీ క్లాసుకు వచ్చే పిల్లల్లో చాలామంది ప్రాచీన గ్రీస్, రోమ్‌ల స్టోయిక్ ఫిలాసఫీకి చెందిన రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ పేరు, ప్రాచీన చైనా తావో ఫిలాసఫీ గురువు లావో త్సు పేరు ముందే విని వస్తున్నారు. సంతోషమే. కాకపోతే వాటితోపాటు కొన్ని అపోహలు కూడా మోసుకొస్తున్నారు.

అపోహ: స్టోయిక్ అంటే దేనికీ చలించని మనిషి.

వాస్తవం: రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ తన ఓడ ప్రయాణం ఒకటి రాశాడు. ఇటలీలోని బ్రుండిసియం రేవుకు వస్తుంటే తుఫాను. ఏథెన్స్‌లో పేరున్న స్టోయిక్ గురువు ఒకాయన అదే ఓడలో ఉన్నాడు. అరవలేదు, ఏడవలేదు గానీ అందరిలాగే ఆయన ముఖమూ పాలిపోయింది. గాలి తగ్గాక ఓ డబ్బున్న ప్రయాణికుడు వచ్చి, నేనే భయపడలేదు, ఫిలాసఫర్‌వి నువ్వు బెదిరిపోయావేం అని ఎకసెక్కం ఆడాడు. తర్వాత గెల్లియస్ మర్యాదగా అడిగితే, ఆ గురువు సంచిలోంచి స్టోయిక్ ఫిలాసఫర్ ఎపిక్టెటస్ బోధల పుస్తకం తీసి చూపించాడు. గుండె ఝల్లుమనడం ఎంత జ్ఞానికైనా తప్పదు. ఆ తర్వాత ‘అవును, ఇది నిజంగా ఘోరమే’ అని మనసు ఒప్పుకుంటుందా లేదా అన్నదే మన చేతిలో ఉంది. ఇదీ అందులోని సంగతి. ఆఫీసు మెయిల్ చూడగానే టెన్షన్ వస్తే మీరు ఓడిపోయినట్టు కాదు. ‘ఇక నా పని అయిపోయింది’ అని అక్కడికక్కడే తీర్మానించుకున్నారా అన్నదే లెక్క.

అపోహ: తావో అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం.

వాస్తవం: ప్రాచీన చైనా తావో గురువు జువాంగ్ త్సు పేరుతో ఉన్న పుస్తకంలో డింగ్ అనే వంటవాడు ఉన్నాడు. పందొమ్మిదేళ్లుగా ఒకటే కత్తి, వేల ఎద్దులు కోశాడు, అంచు ఇప్పుడే సాన పట్టినట్టు ఉంటుంది. ఎముకను నరకడు, కీళ్ల మధ్య ఉన్న ఖాళీలోకి కత్తిని పోనిస్తాడు. ఇంతవరకూ అందరూ చెప్తారు. ఆ వెంటనే అతనే చెప్పిన మాటను మాత్రం వదిలేస్తారు: చిక్కుగా ఉన్న కీలు ఎదురైతే జాగ్రత్తపడతాను, చూపు అక్కడే నిలుపుతాను, చెయ్యి నెమ్మదిస్తాను అంటాడు. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

అపోహ: తావో అంటే గుడీ పూజారీ లేని ఫిలాసఫీ.

వాస్తవం: చైనాలోనూ తైవాన్‌లోనూ తావో ఆలయాలు, పూజారులు, క్రతువులు నేటికీ ఉన్నాయి.

అపోహ: రెండూ చెప్పేది ఒకటే, ప్రకృతికి తగ్గట్టు బతకమని.

వాస్తవం: నాకు ఎక్కువ పేచీ దీనితోనే. స్టోయిక్కుల ప్రకృతిలో బుద్ధి ఉంది, దాంతోపాటు బాధ్యతలూ ఉన్నాయి. కొడుకుగా, అన్నగా, పౌరుడిగా నీ వంతు పని చెయ్యమంటాడు ఎపిక్టెటస్. మార్కస్ క్రీ.శ. 161 నుంచి 180 దాకా చక్రవర్తిగా ఉన్నాడు, డాన్యూబ్ యుద్ధాల మధ్య కూడా తన నోట్సు రాసుకున్నాడు. అటు జువాంగ్ త్సు పూ నది ఒడ్డున చేపలు పడుతుంటే చూ రాజ్యపు రాజు పెద్ద పదవి ఇస్తానని మనుషుల్ని పంపాడు. గాలం పక్కన పెట్టలేదు, తల తిప్పలేదు. గుడిలో పూజలందుకునే చచ్చిన తాబేలుగా ఉండటం కంటే బురదలో తోక ఈడ్చుకుంటూ బతకడమే మేలని చెప్పి పంపేశాడు. మీకు ప్రమోషన్ వచ్చిందనుకోండి. స్టోయిక్ బహుశా తీసుకోమంటాడు, కాకపోతే దాని మీద ప్రాణం పెట్టుకోవద్దంటాడు. తావో గురువు అసలు అది మీకెందుకని అడుగుతాడు.

అందుకే ఎవరైనా ఏది మొదలుపెట్టాలని అడిగితే ముందు ఆ మనిషిని చూస్తాను. రోమన్ స్టోయిక్ సెనెకా రోజూ దీపం తీసేశాక, భార్య మాట్లాడటం ఆపాక, ఆ రోజు తను అన్నవీ చేసినవీ ఒక్కొక్కటే తిరగేసుకునేవాడు. పనులు వాయిదా వేసేవాళ్లకు ఇది మంచి అలవాటు. ఇప్పటికే రాత్రంతా తమను తాము తిట్టుకుంటూ నిద్రపట్టని వాళ్లకు మాత్రం నేను దీన్ని చెప్పను. వాళ్ల చేతిలో జువాంగ్ త్సు పెడతాను.