కాకినాడ ప్రయోగం నుంచి సబ్సిడీ ఫైలు దాకా

సబ్సిడీ లోన్‌తో యూనిట్ పెట్టినవాళ్లకు ఈడీపీ అంటే చెప్పనక్కర్లేదు. ఔత్సాహిక పారిశ్రామికులకు ఇచ్చే శిక్షణ అది. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) లాంటి పథకాల్లో బ్యాంకు లోన్ మంజూరు చేసినా, చాలావరకు ఈ శిక్షణ సర్టిఫికెట్ ఫైల్లో చేరాకే సబ్సిడీ కదులుతుంది. దాంతో ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, కొటేషన్ల పక్కన ఇదీ ఒక కాగితం అయిపోయింది. ఎలాగోలా ఆ రోజులు గడిపేస్తే చాలనుకునేవాళ్లే ఎక్కువ. అసలు ఇది పుట్టింది కాగితం కోసం కాదు. దీని వేళ్లు 1964 నాటి కాకినాడలో ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పదిహేనేళ్లలో చిన్న పరిశ్రమలకు ఏం కావాలని అడిగితే ప్రభుత్వం దగ్గరున్న జవాబు ఒకటే: షెడ్డు, కరెంటు, అప్పు, యంత్రం. 1954లో చిన్న పరిశ్రమల అభివృద్ధి సంస్థ, ఆ మరుసటి ఏడాది జాతీయ చిన్న పరిశ్రమల కార్పొరేషన్ (ఎన్‌ఎస్‌ఐసీ), తర్వాత ఊరూరా ఇండస్ట్రియల్ ఎస్టేట్లు అలా వచ్చినవే. ఈ పరిశ్రమలకు తోడ్పడే అధికారులకు శిక్షణ ఇవ్వడానికి 1960లో ఢిల్లీలో ఒక సంస్థ పెట్టి, 1962లో హైదరాబాద్ యూసఫ్‌గూడకు మార్చారు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. ఇప్పటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ (ని-ఎంఎస్‌ఎంఈ) అదే.

హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్‌కు ఈ సంస్థ తోడు దొరికింది. ఏదైనా సాధించి తీరాలన్న కాంక్ష ఎక్కువున్నవాళ్లే వ్యాపారాన్ని పెంచుతారని ఆయన సిద్ధాంతం. ఆ కాంక్ష చిన్నప్పుడు ఇంట్లో అబ్బాల్సిందేనా, పెద్దయ్యాక నేర్పినా వస్తుందా అన్నది ఆయన తేల్చుకోవాలనుకున్న విషయం. లక్షకు పైగా జనాభా, రేవు, రైస్ మిల్లులు, చుట్టూ గోదావరి డెల్టా ఉన్న కాకినాడ అందుకు పనికొచ్చింది. అక్కడి వ్యాపార, పారిశ్రామిక వర్గాల నుంచి 52 మందిని బృందాలుగా సియెట్‌కు రప్పించారు. పోల్చి చూసుకోవడానికి, శిక్షణ ఇవ్వకుండా వదిలేసిన ఊరు రాజమండ్రి. తమిళనాడులోని వెల్లూరు వ్యాపారులు కొందరికి కూడా శిక్షణ ఇచ్చారు.

వచ్చినవాళ్లకు జమాఖర్చుల పాఠాలేవో చెబుతారనుకుంటాం. అక్కడ చేయించింది వేరు. బొమ్మ చూపించి కథ రాయమన్నారు. ఆ కథలో మనిషి ఏం కోరుకున్నాడు, అడ్డంకి వస్తే ఏం చేశాడు అని వాళ్లచేతే విప్పి చెప్పించారు. రింగులు విసిరే ఆట ఆడించారు. మేకుకు ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వాళ్లే ఎంచుకోవాలి. మరీ దగ్గర నిలబడితే గెలుపులో పస లేదు, మరీ దూరం నుంచి విసిరితే అది అదృష్టం మీద పందెమే. వ్యాపారి నిలబడాల్సిన చోటు ఆ రెండింటి మధ్య ఉంటుంది. చివర్లో ఎవరికి వాళ్లు తమ వ్యాపారానికి ఒక లక్ష్యం రాసుకుని ఇంటికెళ్లారు.

తర్వాత రెండేళ్లు వాళ్లను గమనిస్తే, మిగతావాళ్లకన్నా ఎక్కువ గంటలు పనిచేశారని, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, ఎక్కువ పెట్టుబడి పెట్టి ఎక్కువమందికి పని ఇచ్చారని తేలింది. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా వేశారు. నాకు అందులో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. హిందువుల మత విశ్వాసాలు ఆధునిక పెట్టుబడిదారీ ధోరణికి అడ్డు అని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అన్నప్పటి నుంచి ఆ మాట మేధావుల్లో చెలామణిలో ఉంది. కాకినాడ వ్యాపారుల విషయంలో పూజలు, ఆచారాలు, పంచెకట్టు ఏవీ అడ్డు రాలేదు. పాశ్చాత్య పద్ధతులకు మారితేనే వ్యాపార బుద్ధి వికసిస్తుందన్న వాదన అక్కడ నిలబడలేదు.

ఒక చిక్కు మాత్రం అక్కడే ఉంది. కాకినాడ నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు. కొట్టో మిల్లో ఉంది, సరుకు తెలుసు, బజార్లో పరపతి ఉంది. వాళ్లకు కావాల్సింది ఒక కదలిక. ఈ పద్ధతినే చేతిలో ఏమీ లేనివాళ్లకు వర్తింపజేస్తే? ఆ పని గుజరాత్ చేసింది. అక్కడి పారిశ్రామిక పెట్టుబడుల సంస్థ 1969 ప్రాంతంలో సాంకేతిక అర్హత ఉన్నవాళ్లకు సొంత పెట్టుబడి, పూచీ లేకపోయినా అప్పివ్వడం మొదలుపెట్టింది. డబ్బు ఒక్కటే సరిపోదని తెలిసి, 1970లో మూడు నెలల శిక్షణ జోడించింది. మనిషిని ఎంపిక చేయడం, కాంక్ష రగిలించడం, ప్రాజెక్టు రిపోర్టు రాయించడం, లోన్ వచ్చేదాకా వెంట ఉండడం అన్నీ అందులో భాగమే. 1983లో అహ్మదాబాద్‌లో ఇలాంటి శిక్షణ కోసమే ఈడీఐఐ అనే సంస్థ ఏర్పడ్డాక ఈ నమూనా దేశమంతా పాకింది.

పాకుతూ పాకుతూ పలచబడింది. 1993లో నిరుద్యోగ యువత కోసం ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన వచ్చేసరికి మూడు నెలలు కాస్తా కొన్ని రోజులకు కుదించుకుపోయాయి. ఎంపిక ముందు చేసి తర్వాత అప్పు ఇప్పించే వరుస కూడా తిరగబడి, అప్పు మంజూరయ్యాక శిక్షణ అనే పద్ధతి స్థిరపడింది. లోన్ ఖాయమైపోయాక క్లాసులో కూర్చున్నవాడి ధ్యాస పాఠం మీద ఉంటుందా, సబ్సిడీ మీద ఉంటుందా?

అన్నీ ఇలాగే అయ్యాయని కాదు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెటీ పల్లె యువతకు భోజనం, వసతితో ఉచితంగా పని నేర్పి, ఇంటికి పంపాక కూడా బాగోగులు కనుక్కునేది. 2009 నుంచి జిల్లాల్లో బ్యాంకులు నడుపుతున్న ఆర్‌సెటీలకు అదే నమూనా. ఇటు హైదరాబాద్‌లో 1993లో పుట్టిన మహిళా పారిశ్రామికుల సంఘం అలీప్, మహిళలకు శిక్షణతో ఆగకుండా గాజులరామారంలో వాళ్లకోసమే ఇండస్ట్రియల్ ఎస్టేట్ కట్టింది.

కాకినాడ అడిగిన ప్రశ్న మళ్లీ వినిపించింది 2017లో, ఆఫ్రికా దేశం టోగోలో. అక్కడ 1,500 చిరు వ్యాపారుల్లో మూడో వంతుకు లెక్కలు, మార్కెటింగ్ లాంటి మామూలు వ్యాపార పాఠాలు, మరో మూడో వంతుకు చొరవ తీసుకోవడం, అడ్డంకి దాటడం మీద మనస్తత్వ శిక్షణ ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏదీ లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్నవాళ్లలో కనిపించిన పెరుగుదల గణాంకాల పరంగా గట్టిగా చెప్పుకోదగ్గది కాదు. ఇంకో సంగతి: క్లాసులు అయిపోయాక నాలుగు నెలల పాటు శిక్షకులు నెలనెలా ఆ కొట్లకే వెళ్లి, నేర్చుకున్నది ఎక్కడ అమలవుతోందో, ఎక్కడ ఆగిపోయిందో యజమాని పక్కన కూర్చుని చూశారు.